టెరాహెర్ట్జ్ మాడ్యులేటర్‌ను 10 గిగాహెర్ట్జ్‌లో కట్టి చూడటం: ప్రాజెక్టు డైరీ

దశ 0: దేనికి నకలు

2006లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల పరిశోధకులు, వారి సహచరులు ‘నేచర్’ పత్రికలో ఒక మాడ్యులేటర్‌ను, అంటే తనను దాటే తరంగం బలాన్ని వోల్టేజితో మార్చే పరికరాన్ని, ప్రకటించారు. గాలియం ఆర్సెనైడ్ పలక మీద 50 మైక్రాన్ల అంతరంతో బంగారు వలయాల వరుసలు ఉంటాయి. ప్రతి వలయానికీ ఒక చీలిక. వలయాలన్నిటినీ కలుపుతూ సన్నని తీగలు. వ్యతిరేక దిశలో వోల్టేజి (రివర్స్ బయాస్) ఇస్తే చీలిక కింద ఉన్న ఎలక్ట్రాన్లు తొలగిపోతాయి, వలయం అనునాదంలోకి వస్తుంది, 0.72 టెరాహెర్ట్జ్ దగ్గర పలక దాటే తరంగం తగ్గుతుంది. 16 వోల్టులతో శక్తిని సుమారు సగం మేర మార్చగలిగారు.

దాన్ని కట్టాలంటే క్లీన్‌రూమ్ (చిప్‌లు చేసే దుమ్ములేని గది) కావాలి. మా దగ్గర ఉన్నది ప్రతి ఇంజనీరింగ్ కాలేజీ మైక్రోవేవ్ ల్యాబ్‌లోనూ ఉండే గన్ బెంచ్, అంటే గన్ డయోడ్‌తో మైక్రోవేవ్‌లు పుట్టించి కొలిచే సరంజామా. మాక్స్‌వెల్ సమీకరణాలకు సైజుతో పట్టింపు లేదు. కొలతలన్నీ 72 రెట్లు పెంచితే 0.72 టెరాహెర్ట్జ్ 10 గిగాహెర్ట్జ్ అవుతుంది, బంగారు వలయం బదులు ఎపాక్సీ బోర్డు మీద రాగిపట్టీ సరిపోతుంది, చీలికలో పిన్ డయోడ్ (మైక్రోవేవ్‌లకు స్విచ్‌లా పనిచేసేది) సోల్డర్ చేసుకోవచ్చు. అయితే అన్నీ 72 రెట్లు పెరగవు. డయోడ్ లోపలి చార్జి ఎంతసేపు నిలుస్తుందో అది దాని పదార్థాన్ని బట్టి ఉంటుంది. ఈ డైరీలో సగం గొడవ అక్కడే.

వలయం ఆకారం కూడా వదిలేశాను. నిలువు రాగిపట్టీ, దానికి ఒక కోత, కోతలో డయోడ్. డయోడ్ ఆపి ఉన్నప్పుడు పట్టీ ఇండక్టెన్స్, డయోడ్ కెపాసిటెన్స్ కలిసి అనునాదం చెంది తరంగాన్ని ఆపేస్తాయి. డయోడ్‌లో కరెంటు పారితే అనునాదం చెడి తరంగం కొంత దాటుతుంది.

దశ 1: బెంచ్ (మొదటి రెండు వారాలు)

వరుస ఇది: గన్ ఆసిలేటర్, ఐసోలేటర్, పిన్ మాడ్యులేటర్, ఫ్రీక్వెన్సీ మీటర్, అటెన్యుయేటర్ (శక్తిని కొలతగా తగ్గించేది), తరంగాన్ని గాలిలోకి వదిలే హార్న్. ఎదురుగా రెండో హార్న్, క్రిస్టల్ డిటెక్టర్, దాని సిగ్నల్‌ను చూపే వీఎస్‌డబ్ల్యూఆర్ మీటర్. (బెంచ్‌లో ఎలాగూ ఒక మాడ్యులేటర్ ఉంది కదా అని సహోద్యోగి అడిగారు. అది గొట్టంలో చేసే పనిని నేను గాలిలో చేయించాలి.)

మొదటి వారం కొలతలన్నీ చెత్తబుట్టలోకి వెళ్లాయి. పలక పెట్టకుండానే, చేతిలో ఖాళీ బోర్డును 7 మిల్లీమీటర్లు ముందుకూ వెనక్కూ జరిపితే రీడింగ్ 3 డెసిబెల్ ఊగింది. హార్న్‌కూ బోర్డుకూ మధ్య తరంగం అటూఇటూ కొట్టుకుంటోంది. తరంగదైర్ఘ్యం సుమారు 30 మిల్లీమీటర్లు కాబట్టి అందులో పావు, అంటే 7.5 మిల్లీమీటర్లు జరిగితే ఎత్తు పల్లమవుతుంది.

మార్చినవి:

1. హార్న్‌లను పలకకు 45 సెంటీమీటర్ల దూరానికి జరిపాను.
2. 60 సెంటీమీటర్ల చదరపు అట్టకు అల్యూమినియం రేకు అంటించి, మధ్యలో పలక పట్టేంత కిటికీ కోశాను. లేకపోతే తరంగం పలక పక్కనుంచి తిరిగి వస్తుంది.
3. ప్రతి కొలతా రెండుసార్లు: ఒకటి ఉన్నచోట, ఇంకోటి 7.5 మిల్లీమీటర్లు వెనక్కి. రెండింటి సగటే రీడింగ్.
4. సున్నా డెసిబెల్ అంటే ఖాళీ కిటికీ. మీటరు ముల్లును నమ్మలేదు. ముల్లు అదే చోటికి వచ్చేలా అటెన్యుయేటర్‌ను తిప్పి, అది చూపే తేడానే రాసుకున్నాను.
5. ఐసీలు ప్యాక్ చేసి వచ్చే నల్ల స్పాంజిని అట్ట అంచుల చుట్టూ కట్టాను. అసలు అబ్జార్బర్‌తో పోలిస్తే నాసిరకమే గాని, ఊగిసలాట 3 నుంచి 0.8 డెసిబెల్‌కు దిగింది.

కిటికీని రాగిరేకుతో పూర్తిగా మూసినా 19 డెసిబెల్ కంటే కిందికి పోలేదు. నా బెంచ్ కంటికి అదే చీకటి.

ఖర్చు: అట్ట, రేకు, స్పాంజి 340 రూపాయలు. ఇప్పటివరకు: ₹340.

దశ 2: పలక ‘ఏ’, మూడు తప్పులు

గడి (ఒక్కో డయోడ్‌కు దక్కే చదరం) 6 మిల్లీమీటర్లు, పట్టీ వెడల్పు 1.5 మిల్లీమీటర్లు, 16 వరుసలు, 16 నిలువులు, 256 డయోడ్లు. పట్టీ ఇండక్టెన్స్ 1.15 నానోహెన్రీ. ఆపిన డయోడ్, కోత కలిపి 0.21 పికోఫారడ్. లెక్క ప్రకారం అనునాదం 10.24 గిగాహెర్ట్జ్ దగ్గర.

బెంచ్ మీద 10.24 దగ్గర దాటే శక్తిలో ఏ గొయ్యీ లేదు. 11 దగ్గర మైనస్ 11 డెసిబెల్, 10.2 దగ్గర మైనస్ 13.5, 9.4 దగ్గర మైనస్ 16, 8.6 దగ్గర మైనస్ 17. అడుగు ఇంకా ఎడమ పక్కనే ఎక్కడో ఉంది. కానీ మా గన్ 8.6 కంటే కిందికి దిగితే శక్తి పడిపోయి పౌనఃపున్యం గెంతుతుంది.

తప్పు ఒకటి: డయోడ్ ప్యాకేజీకీ సొంత ఇండక్టెన్స్ ఉంటుంది. డేటాషీట్‌లో 0.6 నానోహెన్రీ అని రాసే ఉంది. నేను కెపాసిటెన్స్ వరుస చదివి పేజీ తిప్పేశాను. అది కలిపితే మొత్తం 1.75 నానోహెన్రీ, అనునాదం 8.3 గిగాహెర్ట్జ్. కొలతలకు సరిపోయింది. గడి చిన్నదయ్యే కొద్దీ పట్టీ ఇండక్టెన్స్ తగ్గుతుంది గాని ప్యాకేజీది తగ్గదు. అందుకే ఈ నమూనాను 30, 40 గిగాహెర్ట్జ్‌కు దించుదామనుకునే వారికి సోల్డర్ డయోడ్ దారి త్వరగా మూసుకుపోతుంది. టెరాహెర్ట్జ్‌లో డయోడ్‌ను తెచ్చి అతికించరు. లోహానికీ అర్ధవాహకానికీ మధ్య సంధినే డయోడ్‌గా వాడుకుంటారు.

తప్పు రెండు: బయాస్, అంటే డయోడ్లను ఆన్, ఆఫ్ చేసే విద్యుత్తు. 5 వోల్టుల అడాప్టర్‌తో నడపాలన్న పిసినారితనంతో 256 డయోడ్లనూ సమాంతరంగా కలిపాను. నిలువు పట్టీలను కోస్తూ 17 అడ్డగీతలు, ఒకటి ప్లస్, తర్వాతది మైనస్. విద్యుత్ క్షేత్రం నిలువుగా ఉంటుంది కాబట్టి అడ్డగీతలు తరంగానికి కనిపించవు. ఆ మాట నిజమే. కానీ డయోడ్‌కు 10 మిల్లీయాంపియర్ల చొప్పున మొత్తం 2.56 యాంపియర్లు! అడ్డగీత 0.3 మిల్లీమీటర్ల వెడల్పు, 96 మిల్లీమీటర్ల పొడవు, నిరోధం 0.16 ఓమ్‌లు. మల్టీమీటర్‌తో ఒక్కొక్క డయోడ్ మీద వోల్టేజి చూశాను. కనెక్టర్ వైపు 0.86, అవతలి అంచున 0.81. చూడటానికి 0.05 వోల్టులే. డయోడ్‌కు అది చాలా ఎక్కువ. చివరి వాటికి అందే కరెంటు దాదాపు మూడో వంతు.

విచిత్రమేమిటంటే నిలకడ కొలతలో ఇది ఎక్కడా కనిపించలేదు. పలకను ఆన్ చేస్తే 8.6 గిగాహెర్ట్జ్ దగ్గర మైనస్ 7.3 డెసిబెల్, ఆపితే మైనస్ 17. చక్కగా ఉందనుకున్నాను. 50 కిలోహెర్ట్జ్ చతురస్ర తరంగంతో కొట్టినప్పుడే బయటపడింది. ఆసిలోస్కోప్ మీద సిగ్నల్ దిగే అంచు భుజాలున్న గోపురంలా వచ్చింది. తక్కువ కరెంటు అందిన పలక కొస ముందు ఆగిపోతోంది, ఎక్కువ తిన్న కొస తీరిగ్గా ఆగుతోంది.

ప్లస్‌ను ఎడమనుంచి, మైనస్‌ను కుడినుంచి ఇచ్చి ఉంటే రెండు తగ్గుదలలూ ఒకదానికొకటి సర్దుకునేవి. కనెక్టర్ ఒకటే చాలని రెండూ ఎడమనుంచే ఇచ్చాను.

తప్పు మూడు: అడాప్టర్ నుంచి పలక దాకా మీటరు పొడవు తీగ. మీటరు పొడవు జంటతీగకు ఇండక్టెన్స్ సుమారు 1 మైక్రోహెన్రీ. దారిలో నిరోధం 1.6 ఓమ్‌లే కాబట్టి కరెంటు ఎక్కడానికి కాల స్థిరాంకమే 0.6 మైక్రోసెకన్లు. పలక ఎంత చురుకైనదైనా తీగ దాన్ని పరుగెత్తనివ్వదు.

ఇక్కడ ఆగి అసలు పరికరాల చరిత్ర మళ్లీ చూశాను. 2006 పరికరంలో వలయాలన్నీ సమాంతరమే. వాటి కెపాసిటెన్స్‌లన్నీ కూడుకుని ఒక పెద్ద కెపాసిటర్ అవుతాయి. బయాస్ కాంటాక్టుల అమరిక మార్చి 2008లో అదే జట్టు 2 మెగాహెర్ట్జ్ దాకా వచ్చింది. 2011లో ప్రతి గడిలోనూ ట్రాన్సిస్టర్ పొదిగిన మరో పరికరం 0.46 టెరాహెర్ట్జ్ దగ్గర 10 మెగాహెర్ట్జ్ అందుకుంది. 2015లో చెంగ్దూ పరిశోధకులు 1 గిగాహెర్ట్జ్ వేగం ప్రకటించారు. అనునాదం పుట్టి ఆరడానికి పట్టే కాలం పికోసెకన్లే. మిగతా ఆలస్యమంతా చార్జిని గడి దాకా తీసుకెళ్లి వెనక్కి తేవడంలోనే. నా పలక కూడా, ఇంత మొరటుగా ఉండి, అదే పాఠం చెప్పింది.

ఖర్చు: బోర్డులు 1,450, డయోడ్లు 300కు 2,400, సోల్డర్ పేస్టు, ఫ్లక్స్ 520.
ఇప్పటివరకు: ₹4,710. డయోడ్లు: కొన్నవి 300, పలక మీద 256, పోయినవి 11, మిగిలినవి 33. పోయిన 11లో రెండు ట్వీజర్ నుంచి ఎగిరి గచ్చు మీద పడ్డాయి. ఆవగింజంత డయోడ్‌ను మొజాయిక్ గచ్చు మీద వెతకడం వృథా.

దశ 3: పలక ‘బి’

ముందు ప్యాకేజీ 0.6 నానోహెన్రీని లెక్కలో వేసి మొదలుపెట్టాను. గురి 9.8 గిగాహెర్ట్జ్. మొత్తం ఇండక్టెన్స్ 1.26 ఉండాలి, అంటే పట్టీ వాటా 0.66. గడి 5 మిల్లీమీటర్లు, పట్టీ 1.7 మిల్లీమీటర్లు. పలక 8 సెంటీమీటర్ల చదరమైంది. కిటికీని 7 సెంటీమీటర్లకు తగ్గించాను.

బయాస్ శ్రేణిలో: ప్రతి నిలువులోనూ 16 డయోడ్లు ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఒకే దిక్కుకు. నిలువులు పదహారూ పైన ఒక పట్టీకి, కింద ఒక పట్టీకి. ఇప్పుడు కావలసింది 13.6 వోల్టులు, 160 మిల్లీయాంపియర్లు. రివర్స్‌లో 16 శ్రేణి, 16 సమాంతరం కాబట్టి పలక మొత్తం కెపాసిటెన్స్ ఒక్క డయోడ్‌దానికి సమానం. పలక ‘ఏ’లో డయోడ్ల వాటాయే సుమారు 44 పికోఫారడ్లు.

పాత డయోడ్లను హాట్ ఎయిర్ గన్‌తో లేపాం. చేసిన క్రమం:

1. బోర్డు అడుగున 120 డిగ్రీల వేడి, పైనుంచి 330 డిగ్రీల గాలి.
2. వరుసకొక కాగితపు పొట్లం. డయోడ్ దిక్కు చెరిగిపోకుండా గీత వైపు పైకి.
3. ప్రతిదాన్నీ మల్టీమీటర్ డయోడ్ స్థానంలో రెండు దిక్కులా చూడటం.

256 లేపితే 219 బతికాయి. మిగిలిన 33 కలిపితే 252. “సార్, నాలుగు తక్కువ” అన్నాడు విద్యార్థి, పొట్లాలు మూడోసారి లెక్కపెట్టి. ఆ నాలుగింటి కోసం 50 తెప్పించి, కొరియర్‌కు 90 కట్టాను.

కొలత: ఆపినప్పుడు గొయ్యి 9.7 గిగాహెర్ట్జ్ దగ్గర, లోతు మైనస్ 16.2 డెసిబెల్. ఆన్ చేస్తే అక్కడే మైనస్ 8.9. శక్తి మార్పు 81 శాతం. ఆన్‌లో 8.9 డెసిబెల్ పోవడం బాధాకరమే. కారణం ఎక్కడో లేదు. ఆన్‌లో పట్టీ ఒక మామూలు నిలువుగీతల జల్లెడ, సగానికి పైగా వెనక్కి కొడుతుంది. గడిని పెంచితే ఈ నష్టం తగ్గుతుంది, కానీ గొయ్యి కిందికి జారుతుంది. నేను గొయ్యినే ఎంచుకున్నాను.

ఖర్చు: బోర్డు 1,300, డయోడ్లు 400, కొరియర్ 90. ఇప్పటివరకు: ₹6,500. డయోడ్లు: కొన్నవి 350, పలక మీద 256, పోయినవి 48, మిగిలినవి 46.

దశ 4: వేగం

24 వోల్టులు, 68 ఓమ్‌లు, స్విచ్‌గా ఒక మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్). మాస్‌ఫెట్ ఆఫ్ చేసిన తర్వాత తరంగం నిజంగా ఆగడానికి 4 మైక్రోసెకన్లు పట్టింది. డేటాషీట్ ప్రకారం ఈ డయోడ్‌లో చార్జి జీవితకాలం 1.55 మైక్రోసెకన్లు. దానంతట అదే ఆరిపోవాలంటే అంతకు రెండు మూడింతలు పడుతుంది, ఎందుకంటే చార్జిలో పదో వంతు మిగిలినా డయోడ్ ఇంకా ఆన్‌లో ఉన్నట్టే. సిలికాన్ మీద లేజర్ కొట్టి టెరాహెర్ట్జ్‌ను మాడ్యులేట్ చేసే పద్ధతికీ ఇదే బెడద. ఎలక్ట్రాన్లను పుట్టించడం క్షణంలో పని, అవి పోయేదాకా కాచుకోవాలి. అందుకే 2007లో గాలియం ఆర్సెనైడ్‌లో ఎర్బియం ఆర్సెనైడ్ దీవులు పొదిగి, ఎలక్ట్రాన్లను పట్టేసి, 20 పికోసెకన్లలో కోలుకునేలా చేశారు. నా డయోడ్‌లో నేను దీవులు పొదగలేను. చార్జిని బయటికి లాగాలి.

రెండు మాస్‌ఫెట్ల డ్రైవర్ కట్టాను: ఒకటి పలకను ప్లస్ 24కు, ఇంకోటి మైనస్ 12కు కలుపుతుంది. మొదటి రోజే రెండూ ఒకేసారి తెరుచుకుని ఒక జత పొగైంది. రెండో జతకూ అదే గతి. గేటు దారిలో నిరోధం పెట్టి, దానికి అడ్డంగా చిన్న డయోడ్ వేశాను. తెరుచుకోవడం నెమ్మది, మూసుకోవడం త్వరగా. తర్వాత పొగ రాలేదు.

దిగే అంచు 4 నుంచి 1.4 మైక్రోసెకన్లకు వచ్చింది. లెక్క ప్రకారం 0.53 రావాలి. 68 ఓమ్‌లకు అడ్డంగా 22 నానోఫారడ్లు వేశాను: అంచు మారిన క్షణంలో చార్జి మొత్తాన్నీ ఒక్క తోపులో అందించి, ఆగేటప్పుడు అంతే తోపులో లాగేందుకు. 1.3 అయింది. తీగను మీటరు పొడవు నుంచి 8 సెంటీమీటర్లకు కత్తిరించాను. 1.3. మైనస్ 12ను మైనస్ 18 చేశాను. 1.3.

నాలుగు రోజులు డ్రైవర్‌ను తిట్టాను. ఐదో రోజు డ్రైవర్ వైపు చూడటం మాని, పలకను తీసేసి, బెంచ్‌లోని పిన్ మాడ్యులేటర్‌ను నడిపి చూశాను. దాని అంచూ 1.3 మైక్రోసెకన్లే! నత్త ఎక్కడుందో తెలిసింది. డిటెక్టర్‌లోని క్రిస్టల్ నిరోధం సుమారు 5 కిలో ఓమ్‌లు. దాని మౌంటు, మీటరు పొడవు కో యాక్సియల్ కేబుల్ కలిపి 120 పికోఫారడ్లు. రెండూ గుణిస్తే 0.6 మైక్రోసెకన్లు, అంచు దానికి 2.2 రెట్లు. వీఎస్‌డబ్ల్యూఆర్ మీటర్‌కు 1 కిలోహెర్ట్జ్ చాలు కాబట్టి ఆ మౌంటును వేగం కోసం ఎవరూ కట్టలేదు.

డిటెక్టర్ కొనలో 470 ఓమ్‌లు పెట్టాను. సిగ్నల్ పదింతలు తగ్గి 4 మిల్లీవోల్టులైంది, ఆసిలోస్కోప్‌లో 128 సార్ల సగటు పెట్టాల్సి వచ్చింది. అంచు: 0.21 మైక్రోసెకన్లు. నాలుగు రోజుల పాటు చేసిన మార్పులన్నీ నిజానికి పనిచేశాయి. నేనే చూడలేకపోయాను.

ఇక కరెంటు. 10 మిల్లీయాంపియర్లు ఎందుకని ఒక్కసారీ ప్రశ్నించుకోలేదు, డేటాషీట్‌లో మొదటి వరుస అదే కాబట్టి. నిలువుకు 3 మిల్లీయాంపియర్లకు తగ్గిస్తే దాటే శక్తి 0.2 డెసిబెలే పోయింది. ఆన్‌లో తరంగాన్ని అడ్డుకునేది పట్టీ ఇండక్టెన్స్, డయోడ్ నిరోధం కాదు. పలక ‘ఏ’లో ఎగుడుదిగుడు కరెంటు నిలకడ కొలతలో కనిపించకపోవడానికి కారణం అప్పుడు అర్థమైంది. లాగాల్సిన చార్జి మాత్రం మూడో వంతైంది.

అదే ఊపులో ఉమ్మడి 68 ఓమ్‌లు తీసేసి, ప్రతి నిలువుకూ వేరుగా 3.3 కిలో ఓమ్‌లు, దానికి అడ్డంగా 470 పికోఫారడ్లు పెట్టాను. ఒక డయోడ్ షార్ట్ అయినా ఆ నిలువు మిగతా వాటి కరెంటు దోచుకోదు. (ఒకటి నిజంగానే షార్ట్ అయింది. దాన్ని మారుస్తూ పక్కనున్న రెండింటిని కాల్చాను.) ఈ విలువలు కోఠి గుజరాతీ గల్లీలో దొరికిన వాటిలోంచి ఏరినవి. తీరా గుణిస్తే 1.55 మైక్రోసెకన్లు, సరిగ్గా డయోడ్ జీవితకాలం. ఆ రెండూ సమానమైనప్పుడే తోపు ఎక్కువా కాదు, తక్కువా కాదు. నా తెలివి ఏమీ లేదు, దుకాణంలో 560 అయిపోయింది.

అంచు 0.15 మైక్రోసెకన్లు. ఇందులో డిటెక్టర్ వాటా 0.11. వర్గాలు తీసి మూలం కడితే పలక వాటా 0.10.

శక్తి మార్పు, వేగాన్ని బట్టి, 9.7 గిగాహెర్ట్జ్ దగ్గర:

- 100 కిలోహెర్ట్జ్: 81 శాతం
- 1 మెగాహెర్ట్జ్: 80
- 2 మెగాహెర్ట్జ్: 73
- 3 మెగాహెర్ట్జ్: 57

చివరి రెండు అంకెల్లో డిటెక్టర్ మందకొడితనమూ కలిసే ఉంది. విడదీయాలంటే వేగమైన డిటెక్టర్ కావాలి, దాని ధర ఈ ప్రాజెక్టు మొత్తం ఖర్చును దాటుతుంది.

ఖర్చు: డ్రైవర్ సరంజామా 610, పొగైన మాస్‌ఫెట్లు 120, నిరోధాలు, కెపాసిటర్లు 60. ఇప్పటివరకు: ₹7,290. డయోడ్లు: కొన్నవి 350, పలక మీద 256, పోయినవి 51, మిగిలినవి 43.

కట్టబోయే వారికి క్రమం

నేను చేసిన వరుసలో చేయవద్దు. ఇలా చేయండి:

1. ముందు డిటెక్టర్ వేగం కొలవండి. బెంచ్‌లోని పిన్ మాడ్యులేటర్‌నే వాడండి.
2. ఒక్క నిలువు, 16 డయోడ్లతో, చిన్న ముక్క బోర్డు మీద కట్టి డ్రైవర్‌ను దానిపై సరిచేసుకోండి. 256 డయోడ్లను పణంగా పెట్టి డ్రైవర్ నేర్చుకోవద్దు.
3. అనునాదం లెక్కలో ప్యాకేజీ ఇండక్టెన్స్ వేయండి. కోత కెపాసిటెన్స్ 0.04 పికోఫారడ్ అని నేను వేసుకున్నది కొలతకు 0.1 గిగాహెర్ట్జ్ తేడాతో సరిపోయింది.
4. నిరోధం, కెపాసిటర్ లబ్ధం డయోడ్ జీవితకాలానికి సమానంగా ఉంచండి. డయోడ్ మారిస్తే ఇదీ మారాలి.

సోమవారం నుంచి మూడో సంవత్సరం వారి ప్రాక్టికల్ పరీక్షలు. బెంచ్ విప్పి గన్, మీటర్ తిరిగి ఇచ్చేశాను. 470 ఓమ్‌ల నిరోధం డిటెక్టర్ మౌంటులోనే మరిచిపోతే ల్యాబ్ అటెండర్ ఫోన్ చేశారు, మీటరు ముల్లు లేవడం లేదని.